నెత్తిమీద నడిచిన మనిషి కోసం ఉదయగిరి దాకా

ఉదయగిరి వెళ్ళొచ్చానంటే అచ్చుకూటంలో అందరూ ఒకటే మాట అడిగారు, దుర్గం ఎక్కావా అని. ఎక్కలేదు. కొండ కింద నిలబడి తల ఎత్తి చూశాను, అంతే. నా ఆయాసానికి ఆ కొండ తగదు. పైగా నేను అంత దూరం పోయింది దుర్గం చూడటానికి కాదు, ఒక మనిషిని చూడటానికి. ఆ మనిషి పేరు నాకు తెలియదు. మొహం ఎట్లా ఉంటుందో తెలియదు. తెలిసిందల్లా అతను నడిచే చప్పుడు.

ఈ మాట విని నవ్వినవాళ్ళు నవ్వారు. చెన్నపట్నంలో మేము ఎట్లా బతుకుతామో తెలిసినవాళ్ళు మాత్రం నవ్వలేదు.

మా ఇల్లు

రేవుకు దగ్గరలో ఒక సందులో నా కాపురం. ఆ సందులో ఇల్లు పక్కకు పెరగడానికి జానెడు చోటు లేదు. అందుకని అన్నీ పైకి పెరిగాయి. మా ఇంటికి మూడంతస్తులు. కింద మిరియాలు, పసుపు కొమ్ములు నిలవచేసే కొట్టు, మధ్యలో నేను, నా నెత్తిమీద ఇంకొకరు. నా మెట్లు ముందు వీధిలోకి దిగుతాయి, పైవాళ్ళ మెట్లు వెనక సందులోకి. ఇల్లు ఒకటే అయినా వాకిళ్ళు వేరు, ఒకరికొకరం ఎదురుపడే అవకాశమే లేదు. ఏళ్ళ తరబడి నా పైన ఎవరో పావుకోళ్ళు తొడుక్కుని నడిచేవారు. ఒక కాలు గట్టిగా, ఒక కాలు నెమ్మదిగా పడేది. తెల్లవారుజామున ఆ చప్పుడుకే మా ఆవిడ లేచి పొయ్యి వెలిగించేది.

ధాత నామ సంవత్సరపు కరువులో పల్లెల జనమంతా చెన్నపట్నం మీద పడినప్పుడు, వాళ్ళతో పాటు వాంతిభేది కూడా వచ్చింది. మా ఆవిడ పోయింది. ఆ మర్నాటి నుంచి పైన పావుకోళ్ళ చప్పుడు లేదు. మనిషి ఉన్నాడు, బిందె దించుతున్నాడు, తలుపు వేస్తున్నాడు. నడక మాత్రం పిల్లి నడకయింది. రోగం తగిలిన కొంప అని పైవాడు కూడా నన్ను వెలివేశాడనుకున్నాను. కోపం వచ్చింది. ఊరంతా మనుషులే, నాతో మాట్లాడేవాడు మాత్రం ఒక్కడు లేడు. ఆఖరికి ఆ చప్పుడు కూడా నాకు దక్కలేదని ఏడుపొచ్చింది.

కరువు వెళ్ళిన రెండో ఏడు ఆ పిల్లి అడుగులు కూడా ఆగిపోయాయి. నీళ్ళు పోసే అమ్మిని అడిగితే, "పైన ఉదయగిరి పెద్దాయన ఊరికి పోయినాడయ్యా, ఇంక రాడంట" అన్నది. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. నా పైకప్పు మీద ఎవరూ లేరన్న సంగతి నన్నింత బాధపెడుతుందని నేను అనుకోలేదు. అచ్చుకూటంలో సెలవు అడిగాను. తప్పులు దిద్దేవాడు లేకపోతే పుస్తకాలు తప్పులతోనే వస్తాయి, వస్తే రానీ అనుకున్నాను. ఆ మనిషిని కలుసుకుని ఒక్క మాట అడగాలి. మా ఆవిడ పోయిన రోజు నుంచి చప్పుడు ఎందుకు మానేశావని.

కాలువ మీద

చెన్నపట్నం నుంచి కాలువలో పడవ. జనం, మూటలు, కోళ్ళగంపలు, ఏ కాలు ఎవరిదో తెలియదు. నా దగ్గు మొదలయ్యేసరికి చుట్టుపక్కలవాళ్ళు ఎట్లాగో సర్దుకుని నాకు మంచి చోటు ఇచ్చారు. ఈ దగ్గు అచ్చుకూటం ఇచ్చిన ఆస్తి. జనంలో చోటు దొరకడానికి పనికొస్తుంది, స్నేహాలకు పనికిరాదు.

ఒక్క మనిషి మాత్రం జరగలేదు. నెల్లూరు వైపు పల్లె నుంచి వచ్చిన నడివయసు ఆవిడ, ఒళ్ళో కోడిపెట్టతో కూర్చుంది. గట్టు వైపు చెయ్యి చూపించి, "ఈ కాలవ తవ్వింది మేమేనయ్యా" అన్నది. "కరువులో గంజి పోసి తవ్వించినారు. నేనూ మా ఆయనా మన్ను మోసినాం. ఇప్పుడు పడవెక్కితే నన్నే కేవు డబ్బులు అడుగుతుండాడు, చూడు ఈ పడవోడు!"

పడవవాడు నవ్వి, "నీళ్ళు నువ్వు పోసినావా?" అన్నాడు. పడవంతా నవ్వింది. మీ ఆయన ఏడి అని నేను అడగబోయి మానుకున్నాను. ఆ కరువు ఏళ్ళ తర్వాత అడగకూడని ప్రశ్నల్లో అదొకటి. ఆవిడ నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. ఒక మనిషి బరువు నా మీద పడి చాలా కాలమైంది.

ఆత్మకూరు

నెల్లూరు నుంచి బండి. పెన్న దాటేటప్పుడు ఇసుకలో చక్రాలు కూరుకుపోతే దిగి నెట్టాను. నెట్టడమంటే చెయ్యి ఆనించి దగ్గడం. ఆత్మకూరు చేరి పూటకూళ్ళ ఇంట్లో దిగాను. అక్కడ నా నోటి తొందరవల్ల చిన్న చిక్కు వచ్చిపడింది.

పూటకూళ్ళమ్మ వడ్డిస్తూ, "పట్నంలో మీది పూరిల్లా, మిద్దెనా?" అని అడిగింది. మాకు మిద్దె అంటే అంతస్తు. అందుకని, "మిద్దెలే. నేనుండేది రెండో మిద్దె. మొత్తం మూడు" అన్నాను. ఈ ప్రాంతంలో మిద్దె అంటే మట్టి కప్పు వేసిన గట్టి ఇల్లు. మూడు మిద్దెలున్న ఆసామి తన ఇంట్లో భోంచేస్తున్నాడని ఆవిడ అనుకుంది. విస్తట్లో నెయ్యి ధార ఆగలేదు. మొలగొలుకుల అన్నం, గోంగూర పచ్చడి, పైన గడ్డ పెరుగు. వెళ్ళేటప్పుడు ఆవిడ అడిగిన రేటు కూడా మూడు మిద్దెల రేటే. చెన్నపట్నంలో నాకున్నది మంచం పట్టే చోటని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఈ వార్త సాయంత్రానికి బట్టల కొట్టు శెట్టిగారికి చేరింది. ఆయన మేడ కట్టిస్తున్నాడు. పట్నం నుంచి మేడల మనిషి వచ్చాడని నన్ను పిలిపించి, పరంజీ కిందికి తీసుకుపోయాడు. రెండో అంతస్తు గోడలు నడుం దాకా లేచి ఉన్నాయి.

"పట్నంలో ఎన్ని అంతస్తులు ఏస్తారయ్యా?"

"మూడు. అక్కడక్కడ నాలుగు."

"అయితే నేనూ మూడేస్తా. ఉదయగిరిలో తోళ్ళ సాయిబు రెండేసినాడు. ఆ ఊళ్ళో జనమేరి? ఇండ్లన్నీ బోసిపోయి ఉండాయి. వాడికి మేడంట! మా ఆత్మకూరు చూడండి, కరువు పోయినాక ఎంతమంది వచ్చి దిగినారో. మేడలు కావాల్సింది మాకా, వాళ్ళకా?"

"అయితే వచ్చినవాళ్ళను మీ మేడలో పెడతారన్నమాట."

శెట్టిగారు నా మొహం అదోరకంగా చూశాడు. "నా మేడలో జనమెందుకుంటారయ్యా? నేనుంటా."

చుట్టూ చూశాను. శెట్టిగారి పెరడు దాటితే మేకలు మేసే బయలు. అది దాటితే ఇంకా బయలు. మా సందు మొత్తం తెచ్చి పరిచినా అందులో ఒక మూలకు సరిపోదు. "ఇంత చోటుంది కదా, పక్కకు కట్టుకోవచ్చుగా?" అన్నాను.

"చోటు ఎవురికి కనిపిస్తాదయ్యా? మేడయితే పొలిమేర నుంచి కనిపిస్తాది."

ఆయన చెప్పింది నిజమే. మాకు మేడ గతిలేక వచ్చింది, ఆయనకు పొరుగూరి కన్ను కోసం కావలసి వచ్చింది. సలహా ఏదైనా చెప్పమన్నాడు. మెట్లు ఇంటి లోపలే పెట్టించండి, పైవాళ్ళూ కిందివాళ్ళూ రోజూ ఎదురుపడేటట్టు, అన్నాను. అట్లా చేస్తే దొంగలకు సుళువని మేస్త్రీ అన్నాడు. దాంతో నా సలహా గాలికి పోయింది.

వింజమూరు దారిలో

ఉదయగిరికి తిన్నగా పోయే బండి దొరకలేదు. వింజమూరు మీదుగా పోయే గొర్రెల బేరగాడి బండి ఎక్కాను. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, అక్కడక్కడ తాడిచెట్లు. మధ్యాహ్నం ఒక పల్లెలో ఆగాం. వీధికి రెండు పక్కలా వాకిళ్ళకు కంపలు అడ్డం పెట్టి ఉన్నాయి. కుక్కయినా మొరగలేదు. గొర్రెల బేరగాడు వాగుడుకాయ, వాడు కూడా ఆ వీధిలో నోరెత్తలేదు. మా సందులో ఒక గదిలో పదిమంది పడుకోవడం నాకు తెలుసు. ఇన్ని గదులకు ఒక్కరు లేకపోవడం మాత్రం నేను ఎరగను.

చివరి ఇంట్లో పొగ కనిపించింది. ఒక అవ్వ జొన్న సంగటి ముద్ద, పచ్చిపులుసు పెట్టింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. చెన్నపట్నంలో ముక్కూమొహం తెలియనివాడు నీళ్ళడిగితే, ముందు వాడి కులం, తర్వాత వాడి చెంబు చూస్తారు. ఈవిడ నా ఎముకలు చూసింది.

"నీతో ఎవురూ రాలేదా నాయనా?"

"నాకెవరూ లేరవ్వా."

"ఎవురూ లేనోడివి ఇంత దూరం ఎవురి కోసం పోతుండావు?"

చెప్పాను. పేరు తెలియని మనిషి కోసమని, అతను నా ఇంటి కప్పు మీద ఉండేవాడని. "కప్పు మీద మనిషి ఉంటే కింద ఎట్టా అన్నం తింటారు నాయనా? తినే కూటి మీద ఇంకొకరి కాళ్ళా!" అన్నది. మాకు అలవాటైపోయింది అన్నాను. అవ్వకు ఆ మాట నచ్చలేదు. ఇంకో ముద్ద వేసింది.

ఉదయగిరి

కొండ ముందు కనిపిస్తుంది, ఊరు చాలాసేపటికి కనిపిస్తుంది. ఊరంతా కొండ కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చున్నట్టుంటుంది. మొదట కనిపించిన మనిషిని, "పట్నం నుంచి వచ్చిన పెద్దాయన, ఒక కాలు కాస్త ఈడుస్తాడు, మిద్దె మీద ఉండేవాడు" అని అడిగాను. మళ్ళీ అదే మాట, అదే తంటా. అతను నన్ను తీసుకుపోయి, మిద్దె మీద మంచం వేసుకుని పడుకున్న ఒక మనిషిని లేపాడు. ఆయనకు కాళ్ళు రెండూ బాగున్నాయి. నిద్ర చెడిందని తిట్టాడు కూడా.

"కాలు ఈడ్చేవాళ్ళు మా ఊళ్ళో శానామంది ఉండారయ్యా," అన్నాడు నా వెంట వచ్చినవాడు. "కరువులో ఎవురి కాళ్ళు బాగుండాయి?"

తోళ్ళ సాయిబు మేడ మాత్రం వెతకకుండానే దొరికింది. ఆయనను అడిగితే తెలుస్తుందేమోనని పోయాను. కరువులో గొడ్లు చచ్చి తోళ్ళు కుప్పలు పడ్డాయి. ఆ తోళ్ళ బేరంలోనే ఆ మేడ లేచిందని ఆయనే దాపరికం లేకుండా చెప్పాడు. మర్యాదస్తుడు. షర్బత్ తెప్పించాడు. నా పని అడగకముందే, "ఆత్మకూరు మీద నుంచి వచ్చినారు కదా, శెట్టి ఎన్ని అంతస్తులు లేపినాడు?" అన్నాడు.

"మూడు వేస్తానంటున్నాడు."

సాయిబు షర్బత్ గ్లాసు కింద పెట్టాడు. "మూడా? ఆ మూడో దాంట్లో ఎవురుంటారంట?"

"మీ రెండో దాంట్లో ఎవరుంటారు?"

ఆయన పకపకా నవ్వాడు. "గాలి! బ్రహ్మాండమైన గాలి అయ్యా. నా బిడ్డలందరూ కిందనే పడుకుంటారు, పైకి పోవాలంటే భయం. అయినా మాకు దుర్గం ఉండాది, శెట్టి ఎన్నేసినా మా కొండ కంటే ఎత్తు ఏస్తాడా?" నవ్వాడే గాని, నేను లేచేసరికి మేస్త్రీ కోసం మనిషిని పంపాడు. నా నోటివల్ల ఆ ఊళ్ళో ఇంకో ఖాళీ అంతస్తు లేస్తుందని నాకు అర్థమైంది. పట్నం పెద్దాయన సంగతి ఆయనకు తెలియదు.

కింది దగ్గు

సాయంత్రం వెలుగు ఉండగానే ఒక్కణ్ణే ఊరి పడమటి వీధుల్లో తిరిగాను. అక్కడ సగం ఇళ్ళకు తాళాలు. ఇంత దూరం వచ్చి ఎవర్నని వెతకడం, రేపు తిరిగిపోదామనుకున్నాను. ఒక తాళం లేని ఇంట్లో నుంచి వేపాకు పొగ బయటికి వస్తోంది. అది గొంతుకు తగిలేసరికి దగ్గు తెర వచ్చింది. అరుగు మీద చేతులు ఆనించి వంగిపోయాను.

పొగలో నుంచి గొంతు వినిపించింది. "ఎవురది? మా కిందింటి దగ్గు లాగుండాదే!"

ఒక ముసలాయన బయటికి వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లటి పిలక, చేతిలో పొగ కుండ. ఒక కాలు కాస్త ఈడుస్తున్నాడు. ఆ మట్టి నేల మీద ఆయన అడుగులకు చప్పుడే లేదు, నేనయితే ఎప్పటికీ గుర్తుపట్టేవాణ్ణి కాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళు ఒకరి నెత్తిన ఒకరం బతికి, అదే మొదటిసారి.

"మీరు పైన..." అన్నాను.

"పైనే. నువ్వు కింద." నన్ను ఎగాదిగా చూశాడు. "ఓరి, ఇంత చిన్నవాడివా! ఆ దగ్గు ఇని ముసలోడివనుకుంటినే."

ఆయన పేరు పెంచలయ్య. రేవులో సరుకు తూచే పని చేసేవాడట. పొగ కుండ కింద పెట్టి, అరుగు దులిపి నన్ను కూర్చోబెట్టాడు. నేను ఎక్కువసేపు ఆగలేకపోయాను. దారి పొడుగునా నాలుక మీద మోసుకొచ్చిన మాట అడిగేశాను. మా ఆవిడ పోయిన మర్నాటి నుంచి పావుకోళ్ళ చప్పుడు ఎందుకు ఆగింది? రోగం కొంప అనేనా?

పెంచలయ్య నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు ఏడస్తా ఉంటే ఇనపడింది. పోదామని లేచినా. ఎనక మెట్లు దిగి, సందు చుట్టి, మీ వాకిలి దాకా వచ్చినా. వచ్చి ఏమని పిలిచేది? నీ పేరు తెలీదు. అన్నా అందామంటే నాకంటే చిన్నోడివేమో, అబ్బయ్యా అందామంటే పెద్దోడివేమో. సావు ఇంటి ముందర నిలబడి, ఇదిగో ఎవురయ్యా అని కేకేసేదా? నోరు రాలా. ఆడే నిలబడి నిలబడి ఎనక్కి పోయినా. పైకి పోయి ఒక అడుగేస్తే టక్కుమనింది. కింద నీ పెండ్లాం, ఆ బిడ్డ, పడుకోనుండాది, నేను ఆమె నెత్తిన టకటకా నడిచేదా? ఇప్పేసినా. కర్మలయిందాకా అనుకున్నా. ఆ తర్వాత మళ్ళీ తొడుక్కోవాలంటే సిగ్గయింది."

రెండేళ్ళుగా వెలి అనుకున్నది నా కోసం ఒక మనిషి పాటించిన మైల. మా ఆవిడ శవం దగ్గరికి మా సందులో ఎవరూ రాలేదని ఇన్నాళ్ళు అనుకున్నాను. వాకిలి దాకా వచ్చినవాడు ఉన్నాడు. ఆ అరుగు మీద కూర్చుని, పొగకని చెప్పుకోవడానికి వీలుగా ఉందని, సిగ్గు లేకుండా ఏడ్చాను. పెంచలయ్య నా వీపు మీద చెయ్యి వేశాడు.

పొగ పెట్టడం

ఆ వీధిలో తాళాల ఇళ్ళన్నీ ఆయన దాయాదులవి. కొందరు కరువులో పోయారు, కొందరు ఎటు పోయారో తెలియదు. పొయ్యి వెలగని ఇంటికి చెదలు పడుతుంది. అందుకని పెంచలయ్య రోజుకో ఇల్లు తెరిచి, ఊడ్చి, పొగ పెడతాడు. పట్నం నుంచి వచ్చేసింది ఈ పనికే. ఉన్న నాలుగు రోజులూ నేనూ ఆయన వెంట తిరిగాను. పొగ కుండ ఆయన పట్టుకుంటే, నేను దగ్గుతూ చీపురు పట్టుకునేవాణ్ణి. ఒక ఇంట్లో ఉట్టి ఇంకా వేలాడుతోంది, కుండలో చింతపండు ఎండి రాయి అయింది. మేమిద్దరం దాన్ని కదపలేదు.

"ఇందులో ఉండిపోరాదా," అన్నాడు ఒకనాడు, కాస్త గట్టిగా ఉన్న ఇల్లు చూపించి. "అద్దె లేదు, ఏం లేదు. సందేళ దీపం పెడితే చాలు. పక్క గోడ నాదే."

నేను నిజంగా ఆశపడ్డాను. పైన ఆకాశం తప్ప ఎవరి కాళ్ళూ లేని ఇల్లు. పక్కన పేరు తెలిసిన మనిషి. ఉంటానన్నాను కూడా. మాట నా నోట్లో ఉండగానే ఆయనే తల అడ్డంగా ఊపాడు.

"వొద్దులే. నా ఆశ కొద్దీ అన్నా. ఈడ ఏం తింటావు? అచ్చుకూటం ఉండాదా, పాడా? సందేళైతే ఈ వీధిలో నేను ఉండేదే కష్టంగా ఉండాది." పొగ కుండ ఎత్తుకున్నాడు. "పట్నంలో నా గదిలో ఎవురైనా దిగినారా?"

"తెలియదు."

"దిగుంటారు. ఆ ఊళ్ళో గది కాళీగా ఉండనిస్తారా! వాళ్ళకూ నీ దగ్గు ఇనపడుతుంటాది. ఎవురో ఏమోనని వాళ్ళూ అనుకుంటుంటారు."

బయలుదేరే రోజు ఊరి చివరిదాకా వచ్చాడు. ఇంకోసారి రమ్మనలేదు, నేను వస్తాననలేదు. ఆయన వయసుకు, నా రొమ్ముకు ఆ మాటలు అబద్ధమని ఇద్దరికీ తెలుసు. బండి కదిలాక, "రాఘవయ్యా! గొంతుకు గుడ్డ చుట్టుకో, దుమ్ము!" అని అరిచాడు. ఎన్నేళ్ళ తర్వాతో ఒకరు నన్ను పేరు పెట్టి పిలిచారు. అచ్చుకూటంలో నేను తప్పులయ్యనే. వెనక్కి తిరిగి చూస్తే సాయిబు మేడ మీద పరంజీ కట్టడం కనిపించింది. ఆత్మకూరులో శెట్టిగారి మూడో అంతస్తుకు ఇటుక దిగి ఉంది. ఈసారి రెండు ఊళ్ళ సంగతి ఎవరడిగినా నోరు మెదపలేదు.

తిరిగి వచ్చాక

ఇల్లు చేరి చెంబెడు నీళ్ళు తాగి కూర్చున్నాను. పైన ఎవరో దిగారు. చిన్న చిన్న అడుగులు, దబ్బున పడటం, మళ్ళీ అడుగులు. కాసేపు విన్నాను. తర్వాత లేచి, చొక్కా మార్చుకుని, వీధిలోకి దిగి, సందు చుట్టి వెనక మెట్లు ఎక్కాను. ఆ మెట్లు నేను ఎక్కడం అదే మొదలు. ఎక్కడానికి ముందు కింద కాసేపు నిలబడ్డాను. పెంచలయ్య నా వాకిట్లో ఎట్లా నిలబడి ఉంటాడో అప్పుడు తెలిసింది.

తలుపు తట్టాను. చిన్న వయసు అమ్మాయి తీసింది. వెనక ఏడాది పిల్లవాడు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను కింద ఉంటానమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. "చప్పుడవుతోందా అయ్యా? వీడికి ఇప్పుడే నడక వస్తోంది, ఎంత చెప్పినా ఆగడు. రేపే గోనెపట్టా తెచ్చి పరిచేస్తాం."

"వద్దమ్మా, పరచొద్దు. వాణ్ణి నడవనీ," అన్నాను. "నా పేరు రాఘవయ్య. ఎప్పుడైనా పిలవాలంటే తెలియాలి కదా, చెప్పిపోదామని వచ్చాను."